పసిపిల్లల మెదడు స్కాన్లు: గుంటూరు, బెజవాడ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టిన బిడ్డ మెదడు నెల నెలకూ ఎలా ఎదుగుతుందో చిత్రాలు తీసి చూడటం నా పని. ఊరు గుంటూరు. పని సగం అక్కడ, సగం విజయవాడలో. మా దగ్గరికి వచ్చేది అమ్మానాన్నలే అయినా ప్రశ్నలు మాత్రం ఎక్కువగా అమ్మమ్మలు, నాయనమ్మలు వేస్తారు. వాటిలో చాలావరకు గట్టి ప్రశ్నలే. ఫోన్లో పదిమందికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఒక్క సంగతి ముందే చెప్పాలి: నేను పరిశోధకుణ్ణి, వైద్యం చేసే డాక్టర్ని కాదు. బిడ్డకు ఒంట్లో బాగోకపోతే ఈ పేజీ చదువుతూ కూర్చోకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

స్కాన్ వల్ల బిడ్డకు రేడియేషన్ తగులుతుందా?

తగలదు. మేం వాడే పద్ధతుల్లో ఎక్స్‌రే లేదు. ఎంఆర్‌ఐలో ఉండేది అయస్కాంతం, రేడియో తరంగాలు. ఎక్స్‌రే ఉండేది సీటీ స్కాన్‌లో. పరిశోధన కోసమని ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు సీటీ తీయరు. అలాగని మంచం మీంచి పడి తలకు దెబ్బ తగిలి, డాక్టర్ సీటీ రాస్తే మాత్రం వద్దనకండి. లోపల రక్తస్రావం ఉందో లేదో నిమిషాల్లో తేల్చేది అదే.

మరి మీరు ఏమేం తీస్తారు?

మూడు రకాలు. ఒకటి ఎంఆర్‌ఐ. మెదడు ఆకారం, లోపలి పొరలు, నరాల దారులు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇందులోనే. పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ పద్ధతికే. సెయిజి ఒగావా 1990లో కనిపెట్టిన సూత్రంతో, రక్తంలో ఆక్సిజన్ మార్పును బట్టి మెదడులో ఏ భాగం పనిలో ఉందో కూడా ఇదే మెషిన్‌తో పట్టుకోవచ్చు. దాన్ని ఎఫ్‌ఎంఆర్‌ఐ అంటారు.

రెండోది ఈఈజీ. నెత్తి మీద సెన్సర్లున్న టోపీ పెట్టి, మెదడులో సహజంగా పుట్టే విద్యుత్తును కొలుస్తాం. బిడ్డలోకి పంపేది ఏమీ ఉండదు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి నెత్తి మీంచి ఈ తరంగాలను రికార్డు చేశాడు.

మూడోది ఎఫ్‌నిర్స్. నా మటుకు నాకు పసిపిల్లల విషయంలో ఇదే ఇష్టం. పరారుణ కాంతి పసిబిడ్డ పలచని కపాలాన్ని దాటి లోపలికి కాస్త దూరం వెళ్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం ఆ కాంతిని ఒకలా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ అయిపోయిన రక్తం ఇంకోలా. ఆ తేడాను బట్టి మెదడు పైపొరలో ఏం జరుగుతుందో లెక్క కడతాం. 1977లో యోబ్సిస్ అనే శాస్త్రవేత్త ఇది సాధ్యమని చూపించాడు. బిడ్డ అమ్మ ఒళ్లో కూర్చుని, గిలక్కాయ చూస్తూ, మధ్యలో ఒకసారి పాలు తాగినా పని ఆగదు. మెదడు లోతుల్లోకి చూపు వెళ్లదన్నదే దీని లోటు.

ఎంఆర్‌ఐకి మత్తు ఇస్తారా?

వైద్యం కోసం తీసే స్కాన్‌కి డాక్టర్లు ఒక్కోసారి ఇస్తారు. ట్రైక్లోఫాస్ సిరప్ పట్టించి పడుకోబెట్టడం మన స్కాన్ సెంటర్లలో మామూలే. పరిశోధన కోసమైతే మత్తు ఇవ్వం. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మా అవసరం కోసం మందు పోయడం తప్పని నా అభిప్రాయం.

మేం నమ్ముకునేది నిద్రని. ముందు కడుపునిండా పాలు పట్టించమంటాం. త్రేనుపు వచ్చాక మెత్తటి నూలుగుడ్డల్లో, మన పెద్దవాళ్లు పొత్తిళ్లలో చుట్టినట్టే, చేతులు లోపలికి పెట్టి చుడతాం. గుడ్డకు హుక్కులు, పిన్నులు ఉండకూడదు. చెవుల్లో మెత్తటి బిళ్లలు, వాటి మీద చిన్న ఇయర్ మఫ్స్. కింద పూసలు నింపిన ఒక పరుపు ఉంటుంది. దాంట్లోంచి గాలి లాగేస్తే బిడ్డ చుట్టూ గట్టిపడి, తల కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇక అక్కణ్ణుంచి ఎదురుచూడటమే. గదిలో లైట్లు తగ్గిస్తాం, ఎవరూ మాట్లాడరు, ఫోన్లు బయటే. జోలపాట పాడాలనుకుంటే నిరభ్యంతరంగా పాడండి.

మూడు నెలల లోపు బిడ్డలు సాధారణంగా ఇలా నిద్రపోతారు. ఆరు నెలలు దాటిందగ్గర్నుంచి మూడు నాలుగేళ్ల వరకు కష్టం. ఆ వయసు వాళ్లను రాత్రి నిద్ర వేళకే రమ్మంటాం. నిద్రపోకపోతే ఇంటికి పంపేస్తాం. ఏడిపించి తీసిన స్కాన్ ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే కదిలిన తల ఎంఆర్‌ఐలో పెళ్లి ఫొటోలో ఊపిన చెయ్యిలా అలుక్కుపోతుంది.

ఆ మెషిన్ చప్పుడుకు బిడ్డ చెవులు పాడవ్వవా?

చప్పుడు నిజమే. వంద డెసిబెల్స్ దాటుతుంది. అందుకే చెవులకు రెండు పొరల రక్షణ. వీలైనచోట తక్కువ చప్పుడు చేసే సెట్టింగులు ఎంచుకుంటాం. మొదటి శబ్దం ఠక్కున రాకుండా మెల్లగా పెరిగేలా చూస్తాం, ఎందుకంటే బిడ్డ ఉలిక్కిపడి లేచేది నిశ్శబ్దంలోంచి హఠాత్తుగా వచ్చే చప్పుడుకే. ఒకసారి అలవాటయ్యాక, తమాషా ఏంటంటే, చప్పుడు ఆగినప్పుడు లేస్తారు.

దిష్టిచుక్క, మొలతాడు, తాయెత్తు తీసేయాలా?

ఎంఆర్‌ఐకైతే లోహం ఏదున్నా తీసేయాల్సిందే. టెస్లా అనేది అయస్కాంత శక్తికి కొలత. మూడు టెస్లాల మెషిన్ అంటే భూమి అయస్కాంత శక్తికి ఇంచుమించు అరవై వేల రెట్లు. అది స్విచ్ వేస్తే పనిచేసి, ఆపితే ఆగేది కాదు. లోపలి తీగచుట్టను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు కాబట్టి రాత్రీ పగలూ, స్కాన్ లేనప్పుడు కూడా లాగుతూనే ఉంటుంది. 2001లో అమెరికాలో ఆరేళ్ల బాబు స్కానర్‌లో ఉండగా గదిలోకి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఎగిరొచ్చి తగిలి చనిపోయాడు. 2018 జనవరిలో ముంబైలో రోగి కోసం సిలిండర్ పట్టుకుని లోపలికెళ్లిన బంధువు ప్రాణం పోయింది. అందుకే తలుపు దగ్గర మేం కాస్త కటువుగానే ఉంటాం. ఏమనుకోకండి.

బిడ్డ సంగతికొస్తే: వెండి మురుగులు, కాళ్ల కడియాలు, మొలతాడుకు కట్టిన బిళ్లలు, రాగి రేకు తాయెత్తు, చెవిపోగులు. వెండిని అయస్కాంతం లాగదు గానీ, మనం కొనే వెండిలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు? పైగా చేతి చుట్టూ ఉన్న లోహపు కట్టు వేడెక్కొచ్చు. చిన్నప్పుడు వేసిన మురుగు ఊడి రాకపోతే ముందురోజే సబ్బునీళ్లతో తీసి చూసుకోండి. మొలతాడు ఒట్టి నూలుదారమైతే ఉంచుకోవచ్చు. తాయెత్తు తీయడానికి పెద్దావిడ ఒప్పుకోకపోతే దాన్ని తలుపు బయట ఆవిడ చేతిలోనే పెట్టి, "మీరు పట్టుకుని ఇక్కడే కూర్చోండమ్మా" అంటాం. ఇప్పటివరకు ఎవరూ కాదనలేదు.

అసలు జాగ్రత్త తల్లులకే కావాలి. మంగళసూత్రానికి, గాజులకు పిన్నీసులు తగిలించుకోవడం మన ఆడవాళ్ల అలవాటు. పిన్నీసు ఇనుము. తీశామని చెప్పినా ఒకటి మిగిలే ఉంటుంది, అందుకని ప్రతిసారీ రెండుసార్లు చూస్తాం. జడలో హెయిర్‌పిన్నులు కూడా అంతే.

దిష్టిచుక్క కథ వేరు. ఎఫ్‌నిర్స్‌లో నుదుటి మీద కాంతి పంపాలి. నలుపు ఆ కాంతిని మింగేస్తుంది. సరిగ్గా సెన్సర్ పెట్టాల్సిన చోట రూపాయి బిళ్లంత కాటుక చుక్క ఉంటే సిగ్నల్ రాదు. ఎంఆర్‌ఐలో కూడా ఇనుము కలిసిన కొన్ని కాటుకలు కళ్ల దగ్గర చిత్రాన్ని వంకర తిప్పుతాయి. వద్దనడం లేదు. ఆ రోజుకు అరికాల్లో పెట్టండి.

పుట్టువెంట్రుకలు తీయించాక రావాలా, ముందే రావాలా?

ఎంఆర్‌ఐకి రెండూ ఒకటే. ఎఫ్‌నిర్స్‌కి మాత్రం దుర్గమ్మ కొండ మీదో, తిరుపతిలోనో గుండు చేయించిన మర్నాడు వస్తే మాకు పండగ. ఒత్తైన నల్లజుట్టు కాంతికి పెద్ద అడ్డు. పాశ్చాత్య దేశాల బట్టతల పసిపాపల కోసం తయారైన టోపీలను మన పిల్లల తలల మీద పెట్టి, వెంట్రుకలను పాయలు తీసి, ఒక్కో సెన్సర్ సర్దేసరికి బిడ్డకు ఓపిక పోతుంది. మొక్కు తేదీ మా కోసం మార్చుకోమని మాత్రం అడగను.

ఈఈజీకైతే తలకు నూనె రాయకుండా తీసుకురండి. ముందురోజు తలంటు పోస్తే చాలు.

పసిబిడ్డ మెదడులో అంత చూడాల్సింది ఏముంది?

చాలా ఉంది. పుట్టినప్పుడు మెదడు పెద్దవాళ్ల మెదడులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. మొదటి ఏడాదిలోనే పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. రెండో ఏడాదిలో వేగం తగ్గి, పెరుగుదల పదిహేను శాతం దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత బతుకంతా అంత తొందరగా పెరగడం మళ్లీ ఉండదు. పుట్టినప్పుడు 34, 35 సెంటీమీటర్లున్న తల చుట్టుకొలత మొదటి పుట్టినరోజుకు 46 దగ్గరికి చేరేది ఇందుకే. టీకాకు వెళ్లినప్పుడు టేపుతో తల కొలిపించారా అని నేను అందర్నీ అడుగుతుంటాను. ఖర్చులేని మెదడు పరీక్ష అది.

ఎంఆర్‌ఐలో ఇంకో విచిత్రం కనిపిస్తుంది. నరాల పోగుల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. అది ఉంటే సంకేతాలు వేగంగా పోతాయి. పుట్టిన బిడ్డలో చాలా పోగులకు అది ఇంకా రాదు. అందువల్ల పెద్దవాళ్ల స్కాన్‌లో తెల్లగా కనిపించే చోట్లు పసిబిడ్డ స్కాన్‌లో నల్లగా, నల్లనివి తెల్లగా కనిపిస్తాయి. ఆరు నెలల దగ్గర రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోయి, ఏది ఏదో విడదీయలేక కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా తికమకపడతాయి. ఏడాది దాటేసరికి పెద్దవాళ్ల తీరు వస్తుంది. మైలిన్ కింది నుంచి పైకి, వెనక నుంచి ముందుకు పరుచుకుంటూ వెళ్తుంది. నిర్ణయాలు తీసుకునే ముందు భాగానికి పూర్తిగా చేరేసరికి ఇరవై ఏళ్లు దాటతాయి.

మాటల సంగతి కూడా. ఫ్రాన్స్‌లో గిలెన్ దెహేన్-లాంబెర్ట్జ్ బృందం 2002లో మూడు నెలల పిల్లలకు మాటలు వినిపించి ఎఫ్‌ఎంఆర్‌ఐ తీసింది. ఒక్క మాటా పలకలేని ఆ వయసులోనే, పెద్దవాళ్లలో భాషను చూసుకునే ఎడమవైపు భాగాలు పనిచేయడం కనిపించింది. నిద్రపోతున్న పిల్లల్లోనూ కనిపించింది. చంటిబిడ్డతో ఊసులాడే అమ్మమ్మను చూసి "దానికేం అర్థమవుతుంది" అనేవాళ్లకు నేను ఈ ప్రయోగమే చెప్తుంటాను.

స్కాన్ చూసి మా బాబు తెలివైనవాడో కాదో చెప్తారా?

చెప్పం. చెప్పలేం కూడా. ఐఐటీ ఫౌండేషన్ ఆరో తరగతి నుంచే మొదలయ్యే మన ఊళ్లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మేం ఒక్క బిడ్డ చిత్రాన్ని చూసి ఏదీ తేల్చం. వందల మంది పిల్లల చిత్రాలు కలిపి, సగటున ఏం జరుగుతోందో చూస్తాం. ఆ సగటుల్లో కూడా తేడాలు చాలా చిన్నవి. 2022లో స్కాట్ మారెక్, ఆయన తోటి పరిశోధకులు దాదాపు 50 వేల మంది స్కాన్లు దగ్గర పెట్టుకుని నేచర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మెదడు కొలతలకూ తెలివితేటల్లాంటి గుణాలకూ ఉన్న సంబంధం ఎంత సన్నదంటే, నమ్మకంగా పట్టుకోవాలంటే వేల మంది కావాలని తేల్చారు. పాతికమందితో చేసిన పాత పరిశోధనలు చాలా నిలబడవని దాని అర్థం. మా రంగంలో అది పెద్ద కుదుపు. నాకు మాత్రం మంచే అనిపించింది.

ఇద్దరు పిల్లల స్కాన్లు పక్కపక్కన పెట్టి, వీళ్లలో లెక్కలు ఎవరికి బాగా వస్తాయో చెప్పమంటే, ప్రపంచంలో ఏ నిపుణుడైనా బొమ్మా బొరుసూ వేసుకోవాల్సిందే.

మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్, వేలిముద్రలతో బ్రెయిన్ టెస్ట్ అంటున్నారు. చేయించమంటారా?

వద్దు. మిడ్‌బ్రెయిన్ అంటే మెదడు అడుగున ఉండే చిన్న భాగం, కళ్ల కదలికలు, వినికిడి దారుల్లాంటి పనులు చూస్తుంది. పుట్టినప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరూ వేలకు వేలు తీసుకుని కొత్తగా లేపక్కర్లేదు. గంతలు కట్టుకుని రంగులు చెప్పే పిల్లలు ముక్కు పక్క సందులోంచి చూస్తున్నారు, అంతే. వేలిముద్రల గీతలకూ బిడ్డ ఏ గ్రూపు తీసుకోవాలన్నదానికీ సంబంధం లేదు. ఆ డబ్బుతో కథల పుస్తకాలు కొనండి.

ఆటిజం ముందే తెలుస్తుందా?

ఆటిజం ఉన్న అన్నో అక్కో ఉన్న పసిపిల్లల మీద అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2017లో వచ్చింది. తర్వాత ఆటిజం బయటపడిన పిల్లల్లో ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య మెదడు పైపొర వైశాల్యం మామూలు కంటే వేగంగా పెరిగిందని అందులో తేలింది. విలువైన ఆధారమే. అయినా ఆస్పత్రిలో ఫలానా స్కాన్ తీసి ఆటిజం ఉందో లేదో చెప్పే పరీక్ష ఇప్పటికీ లేదు. ఎవరైనా అలా చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి.

పేరు పెట్టి పిలిస్తే ఏడాది నిండినా తిరిగి చూడకపోవడం, వేలు పెట్టి చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం: వీటిని గమనించేది అమ్మ కళ్లే. "మగపిల్లలకు మాటలు ఆలస్యంలే" అని ఏళ్లు గడపొద్దు. పిల్లల డాక్టర్ దగ్గరికి గానీ, పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకోవడానికి ప్రభుత్వం జిల్లాల్లో నడిపే డీఈఐసీ కేంద్రానికి గానీ తీసుకెళ్లండి.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. ఎన్‌ఐసీయూలో మాడు మీద ఏదో పెట్టి స్కాన్ తీశారు. అది కూడా ఇదేనా?

అది అల్ట్రాసౌండ్. నడినెత్తిన ఎముక ఇంకా కలవని చోటు, అదే మాడు, శబ్ద తరంగాలకు కిటికీ. జెల్ రాసి చిన్న ప్రోబ్ ఆనించి, ఇంక్యుబేటర్ పక్కనే నిలబడి తీసేయొచ్చు. నెలలు బాగా తక్కువున్న పిల్లల మెదడులో రక్తస్రావం జరిగిందేమో చూడటానికి మొదట పనికొచ్చేది అదే. సాధారణంగా ఏడాదిన్నర లోపు మాడు పూడుకుపోతుంది, కిటికీ మూసుకుంటుంది. మాడు మీద ఆముదం పెట్టారని మాత్రం అక్కడ దాచకండి, తుడిచి తీస్తారు.

బాబు పుట్టగానే ఏడవలేదు. ఎంఆర్‌ఐ తీయించమన్నారు. దేనికి?

ఇది పరిశోధన కాదు, వైద్యం. అయినా చాలామంది నన్ను అడుగుతారు. కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందకపోతే ఎంత దెబ్బ తగిలింది, ఎక్కడ తగిలింది అన్నది మొదటి వారం పదిరోజుల్లో తీసే ఎంఆర్‌ఐ బాగా చూపిస్తుంది. ముఖ్యంగా మెదడు నడుమ ఉండే థాలమస్, బేసల్ గాంగ్లియా భాగాలను చూస్తారు. పైపై పొరకు తగిలిన దెబ్బ కంటే అక్కడ తగిలింది కదలికల మీద ఎక్కువ ప్రభావం చూపిస్తుంది. ఫలితం ఏదైనా సరే, డాక్టర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి. రిపోర్టు కాగితం వాట్సాప్‌లో నాకు పంపకండి.

ఈ పిల్లల ఒంటిని 33.5 డిగ్రీలకు చల్లబరిచి 72 గంటలు ఉంచడం పాశ్చాత్య దేశాల్లో మేలు చేసింది. మన దేశం, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో 408 మంది పిల్లలతో చేసిన హీలిక్స్ ప్రయోగం 2021లో ప్రచురితమైంది. అక్కడ ఆ మేలు కనిపించలేదు సరికదా, చల్లబరిచిన వాళ్లలోనే మరణాలు ఎక్కువ. దెబ్బ ఎప్పుడు, ఎలా తగిలిందన్నది మన పిల్లల్లో వేరుగా ఉండొచ్చని ఇప్పుడు చూస్తున్నారు. ఆ చూపుకు ఎంఆర్‌ఐ ఒక ఆధారం. వేరే దేశం పిల్లలకు సరిపోయింది మనకూ సరిపోతుందని కళ్లు మూసుకుని తెచ్చుకోకూడదన్నదానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

కడుపులో ఉండగానే బిడ్డ మెదడు చూడొచ్చా?

చూడొచ్చు. అల్ట్రాసౌండ్‌లో అనుమానం వస్తే డాక్టర్లు గర్భస్థ శిశువుకు ఎంఆర్‌ఐ రాస్తారు. ఆడా మగా అని మాత్రం అడగకండి. 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరం.

ఇదంతా ఇక్కడెందుకు? అమెరికాలో చేసేశారుగా?

చేశారు, బాగా చేశారు. ఏబీసీడీ అనే ఒక్క ప్రాజెక్టులోనే పదకొండు వేల మందికి పైగా అమెరికా పిల్లల్ని తొమ్మిది, పదేళ్ల వయసు నుంచి వెంబడిస్తున్నారు. చిక్కు అక్కడే ఉంది. ప్రపంచంలో మెదడు చిత్రాలు ఎక్కువగా ఉన్నది కొద్ది దేశాల పిల్లలవే. మన పిల్లల బరువు వేరు, తల్లుల్లో రక్తహీనత వేరు, ఇంట్లో వినిపించే భాషలు వేరు. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, బళ్లో ఇంగ్లిషు.

మన దేశంలో అసలు లేదనీ కాదు. యూపీలోని శివ్‌గఢ్ పల్లెల్లో ఎఫ్‌నిర్స్‌తో పసిపిల్లల జ్ఞాపకశక్తిని చూసిన పరిశోధన 2019లో వచ్చింది. మెదడు ఎదుగుదలను చూసే సీ-వేద అనే ప్రాజెక్టులో ఆరు నుంచి ఇరవై మూడేళ్ల వాళ్లను ఏడు కేంద్రాల్లో చేర్చుకున్నారు. వాటిలో ఒకటి మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. మద్రాసు ఐఐటీ 2024 డిసెంబరులో గర్భస్థ శిశువుల మెదడును కణాల స్థాయిలో చూపే ధరణి అనే చిత్రాలను అందరికీ విడుదల చేసింది. కృష్ణా, గుంటూరు జిల్లాల పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచి వెంబడించే పని చేయడానికి మాత్రం చోటు ఖాళీగా ఉంది.

ఇంకో మార్పు వస్తోంది. 0.064 టెస్లాల శక్తితో, చక్రాల మీద మంచం దగ్గరికే తోసుకొచ్చే చిన్న ఎంఆర్‌ఐకి 2020లో అమెరికా అనుమతి ఇచ్చింది. మామూలు ప్లగ్గుకు పెడితే చాలు. చిత్రం మసకే, అయినా హీలియం అక్కర్లేదు. ఇలాంటివి జిల్లా ఆస్పత్రులకు చేరితే నా పని తీరే మారిపోతుంది.

మా అమ్మాయి ఐదో నెలలో అత్తారింటికి వెళ్లిపోతుంది. తర్వాతి స్కాన్‌కి ఎలా?

మా పనిలో అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఇదే, యంత్రాలు కాదు. పురుడు పుట్టింట్లో. మూడో నెలో ఐదో నెలో రాగానే సారెతో సహా బిడ్డ హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్లిపోతుంది. ఎదుగుదల చూడాలంటే అదే బిడ్డను మళ్లీ మళ్లీ చూడాలి. అందుకని మొదటిరోజే అత్తారి ఊరు, అక్కడి ఫోన్ నంబరు కూడా రాసుకుంటాం. సంక్రాంతికి పుట్టింటికి వస్తారుగా, తేదీలు దాన్ని బట్టే వేసుకుంటాం. జనవరి మూడో వారంలో నాతో వేరే పని పెట్టుకోవద్దని మా ఇంట్లో అందరికీ తెలుసు.

కాస్త పెద్ద పిల్లలైతే భయపడరా?

కొందరు భయపడతారు, కొందరు రాకెట్ అనుకుంటారు. ఐదేళ్లు దాటిన వాళ్లకు ముందు ఉత్తుత్తి స్కానర్‌లో, అయస్కాంతం లేని గొట్టంలో, పడుకోవడం అలవాటు చేస్తాం. చప్పుళ్ల రికార్డింగు ఇంట్లో వినిపించమని పంపుతాం. అమ్మానాన్న సంతకం చేసినంత మాత్రాన సరిపోదు. దేశంలో వైద్య పరిశోధనలను చూసే ఐసీఎంఆర్ 2017 నియమాల ప్రకారం ఏడేళ్లు దాటితే బిడ్డ నోటితో సరేననాలి, పన్నెండు దాటితే రాతలో. బిడ్డ వద్దంటే వద్దే. "వాడికేం తెలుసు సార్, మీరు తీసేయండి" అనే నాన్నలతో నాకు ప్రతిసారీ వాదనే.

ఫోన్ చూస్తే మెదడు పాడైందని స్కాన్‌లో తెలుస్తుందా?

ఎక్కువ స్క్రీన్ చూసే పిల్లల స్కాన్లలో సగటున కొన్ని తేడాలు చూసిన పరిశోధనలు ఉన్నాయి. ఫోన్ వల్ల ఆ తేడా వచ్చిందా, లేక ఫోన్ చేతికిచ్చి వదిలేయాల్సిన ఇంటి పరిస్థితి వల్లా అన్నది విడదీయడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది మాత్రం సూటిగా ఉంది: రెండేళ్ల లోపు అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించొద్దు. అన్నం తినిపించడానికి ఫోన్ పెడుతున్నామని తప్పుచేసినట్టు తలదించుకుని చెప్తారు. తలదించుకోకండి, మెల్లగా తగ్గించండి.

చిత్రాల్లో వెలిగే రంగుల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఆ రంగులు మెదడువి కావు, లెక్కలవి. 2009లో అమెరికాలో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను ఎఫ్‌ఎంఆర్‌ఐలో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించారు. లెక్కల్లో జాగ్రత్త తీసుకోకపోతే ఆ చేప మెదడు కూడా "వెలిగింది". నవ్వొచ్చే ప్రయోగానికిచ్చే ఇగ్ నోబెల్ వాళ్లకు 2012లో వచ్చింది. మా దగ్గర చేరే ప్రతి విద్యార్థికీ మొదట ఆ చేపనే చూపిస్తాను.

స్కాన్‌లో ఏదైనా తేడా కనిపిస్తే చెప్తారా?

ముందే అడిగి రాసుకుంటాం. రేడియాలజిస్టు చూసి, వైద్యం కావాల్సిందైతే తప్పక చెప్తాం, ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్తాం. ఏబీసీడీ పిల్లల్లో దాదాపు ఐదింట ఒక వంతు మందికి ఏదో ఒక చిన్న తేడా కనిపించింది. డాక్టర్‌కి చూపించాల్సినవి మాత్రం నూటికి నాలుగు లోపే. చిన్న తిత్తి ఒకటి కనబడిందనగానే గూగుల్ చేసి టెన్షన్ పడిపోకండి. అలాగే మా స్కాన్‌లో ఏమీ కనిపించలేదంటే అంతా బాగున్నట్టు సర్టిఫికెట్ కూడా కాదు.

డబ్బులు కట్టాలా? మీరేమైనా ఇస్తారా?

కట్టక్కర్లేదు. దారి ఖర్చులు, ఆ రోజు పోయిన కూలి ఇస్తాం. అంతకు మించి ఇస్తే డబ్బు కోసం బిడ్డను తెచ్చే పరిస్థితి వస్తుందని నైతిక కమిటీ ఒప్పుకోదు, అది సబబే.

మా అమ్మాయి ఇంటర్. ఈ పనిలోకి రావాలంటే బైపీసీయేనా?

ఎంపీసీ అయినా సరే. మా దగ్గర ఫిజిక్స్ వాళ్లు, స్టాటిస్టిక్స్ వాళ్లు, సైకాలజీ వాళ్లు, డాక్టర్లు కలిసి పనిచేస్తారు. కోడింగ్ రావాలి, లెక్కలంటే భయం ఉండకూడదు. పసిబిడ్డ ఏడుస్తుంటే విసుక్కోకుండా గంటసేపు చీకట్లో కూర్చోగలగాలి. మూడోది ఏ కాలేజీలోనూ నేర్పరు.

మా పాప చిత్రాలు ఎవరెవరు చూస్తారు? మాకొకటి ఇస్తారా?

పేరు, ఊరు తీసేసి నంబరు వేస్తాం. ఎంఆర్‌ఐ నుంచి ముఖం రూపం మళ్లీ గీయొచ్చు కాబట్టి, ఇతర పరిశోధకులకు ఇచ్చేముందు ముఖం ఉన్న భాగాన్ని చెరిపేస్తాం. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి కావాల్సిందే. మధ్యలో మనసు మారితే ఎందుకని అడగం, ఆపేస్తాం.

చిత్రం ఒకటి ప్రింట్ తీసి ఇస్తాం. చాలామంది ఆల్బమ్‌లో బారసాల ఫొటోల పక్కన పెట్టుకుంటున్నారు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవాలనుకుంటే మీ ఇష్టం, మూలన ఉన్న నంబరు మాత్రం కత్తిరించి పెట్టుకోండి.